బ్యాంకాక్ స్తంభాల మీద ఆ తీగల చిక్కు: మా నాన్న అడుగుతున్న ప్రశ్నలకు జవాబు కావాలి

తణుకు_శ్రీను · శనివారం, రాత్రి 10.15

అందరికీ నమస్కారం. అమ్మానాన్నలతో బుధవారం బ్యాంకాక్ వచ్చాం. ప్రతూనామ్ దగ్గర దిగాం. గుళ్లు, పడవ ప్రయాణం, మార్కెట్లు అన్నీ చూస్తున్నాం కానీ నాన్న కళ్లు మాత్రం స్తంభాల మీదే ఉన్నాయి. ఆయన 1983లో కరెంటు బోర్డులో చేరారు. 34 ఏళ్లు చేసి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు.

ఇక్కడ స్తంభాలకు నల్లటి తీగలు వందల కొద్దీ వేలాడుతున్నాయి. నులక తెగి కిందికి జారిన పాత మంచంలా ఉన్నాయి. కొన్నిచోట్ల బండి చక్రమంత చుట్టలు చుట్టి స్తంభానికి కట్టేశారు. యావరాత్ అనే చైనా వాళ్ల బజారు పక్క సందులో తీగలు నా భుజం దాకా దిగి ఉంటే అమ్మ తల వంచుకొని వెళ్లింది.

నిన్న ఒక మూల దగ్గర నాన్న పావుగంట నిలబడిపోయారు. రాత్రి నిద్రపోయే ముందు కూడా అదే మాట. అవన్నీ కరెంటు తీగలేనా? అంత బరువు స్తంభం ఎలా మోస్తోంది? ఒకటి తెగితే అది ఎవరిదో ఎలా తెలుస్తుంది? అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగింది ఇది: "దాని మీదికి ఎక్కేవాడు కాలు ఎక్కడ పెడతాడురా?"

నేను బ్యాంకు ఉద్యోగిని, నాకు ఏమీ తెలియదు. తెలిసినవాళ్లు చెప్తే ఆయనకు చదివి వినిపిస్తాను. మంగళవారం దాకా ఇక్కడే ఉంటాం.

హనోయ్_హర్ష · శనివారం, రాత్రి 10.40

శ్రీను గారూ, మీరు హనోయ్ పాతబస్తీ చూస్తే ఇంకా ఆశ్చర్యపోతారు. నేను ఇక్కడ రెండేళ్లుగా ఉంటున్నాను. ఇరుకు సందులు, పైన తీగల పందిరి. ఇక్కడివాళ్లు దాన్ని సాలెగూడు అనే పిలుస్తారు. నాకు ఫోటోగ్రఫీ ఇష్టం. ఆ తీగలు, వాటి వెనక పసుపు రంగు గోడలు, కింద నూడుల్స్ అమ్మే అవ్వలు. ఊరి అందంలో అదీ ఒక భాగమే అనిపిస్తుంది నాకు.

గుంటూరు_గిరి · శనివారం, రాత్రి 10.52

అందమేమిటండీ! పర్యాటకం మీద అంత డబ్బు సంపాదించే దేశం ఒక తీగ సరిగా కట్టుకోలేదా? ఒక్క వాన వస్తే ఎంతమంది పోతారో. అన్నీ భూమిలో పాతిపెడితే సరిపోతుంది కదా.

సుఖుంవిత్_వాసి · శనివారం, రాత్రి 11.30

నేను బ్యాంకాక్‌లో 11 ఏళ్లుగా ఉంటున్నాను. పెద్దాయనకు నా నమస్కారాలు చెప్పండి. ఆయన మొదటి ప్రశ్నకు జవాబు: కాదు, ఆ నల్లటి చిక్కులో కరెంటు తీగలు చాలా తక్కువ.

ఇక్కడి స్తంభాన్ని పైనుంచి కిందికి చూడాలి. పెద్ద రోడ్ల మీద అన్నిటికంటే పైన 69 లేదా 115 కేవీ లైన్లు ఉంటాయి (ఒక కేవీ అంటే వెయ్యి వోల్టులు). మన ఊళ్లలో టవర్ల మీద వెళ్లే స్థాయి లైన్లు ఇక్కడ ఫుట్‌పాత్ పక్క కాంక్రీటు స్తంభాల మీదే వెళ్తాయి. వాటి కింద 12 లేదా 24 కేవీ. ఆ తీగలకు తొడుగు ఉంటుంది, ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ప్లాస్టిక్ స్పేసర్లు ఉంటాయి. ఆ కింద ఇళ్లకు వెళ్లే 230 వోల్టుల లైను. ఇంతవరకు అంతా పద్ధతిగానే ఉంటుంది, ఒకసారి తల బాగా ఎత్తి చూడండి. వాటన్నిటికీ కింద వేలాడే గుట్ట మాత్రం టెలిఫోన్, ఇంటర్నెట్, కేబుల్ టీవీ, సీసీ కెమెరాల తీగలు.

స్తంభాలు మెట్రోపాలిటన్ ఎలక్ట్రిసిటీ అథారిటీవి. బ్యాంకాక్‌తో పాటు నొంతబురి, సముత్ ప్రాకాన్ రాష్ట్రాలకూ అదే కరెంటు ఇస్తుంది. టెలిఫోన్, ఇంటర్నెట్ కంపెనీలు ఆ స్తంభాలను అద్దెకు వాడుకుంటాయి. 2016లో బిల్ గేట్స్ ఈ తీగల ఫోటో ఒకటి ఫేస్‌బుక్‌లో పెట్టినప్పుడు ఇక్కడ పెద్ద చర్చే జరిగింది. అప్పుడు ఆ సంస్థ చెప్పిన సంజాయిషీ ఇదే. అందులో ఎక్కువ భాగం సమాచార తీగలు, మావి కావు అని.

గిరి గారూ, వీళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. భూగర్భ కేబుళ్ల పని 1984 నుంచే నడుస్తోంది. సీలోమ్, ఫయా థాయ్ రోడ్లలో, సుఖుంవిత్, పహోన్‌యోతిన్ రోడ్లలో కొంత భాగంలో మీకు స్తంభాలే కనపడవు. 2015లో ఇంకో 127 కిలోమీటర్ల పైచిలుకు రోడ్లకు ప్రణాళిక ఒప్పుకున్నారు. కానీ ఈ ఊరు సముద్ర మట్టానికి మీటరున్నర ఎత్తులో, మెత్తటి బంకమట్టి మీద ఉంది. గుంత తవ్వితే నీళ్లు. రోడ్లు తక్కువ, ట్రాఫిక్ ఎక్కువ కాబట్టి పగలు తవ్వనివ్వరు. ఇంకో చిక్కు, కరెంటు తీగలు భూమిలోకి వెళ్లినా మిగతా కంపెనీలన్నీ తమ తీగలు దింపుకుంటే తప్ప స్తంభం పీకడానికి లేదు. ఆఖరి తీగ దిగే దాకా స్తంభం నిలబడే ఉంటుంది.

తణుకు_శ్రీను · ఆదివారం, ఉదయం 7.05

చాలా థాంక్స్ అండీ. పొద్దున్నే నాన్నకు చదివి వినిపించాను. వెంటనే చెప్పులు వేసుకొని కిందికి వెళ్లి తల ఎత్తి చూసి వచ్చారు. "నిజమేరా, పైన మన కంటే నీటుగా ఉంది" అన్నారు. ఆ స్పేసర్లను చాలాసేపు చూశారు. కానీ ఒక మాట రాయమన్నారు. తొడుగు ఉంది కదా అని ఆ 24 కేవీ తీగను ఎవరూ ముట్టుకోకూడదట. అది కొమ్మ తగిలితే ట్రిప్ కాకుండా ఉండటానికి వేసిన తొడుగే కానీ మనిషిని కాపాడే తొడుగు కాదట.

ఫైబర్_బాబు · ఆదివారం, ఉదయం 9.20

నేను విజయవాడలో పదేళ్లుగా ఫైబర్ పని చేస్తున్నాను. ఆ చుట్టల సంగతి నేను చెప్తాను.

ఫైబర్ తీగను బిగుతుగా లాగి వదిలేయలేం. రేపు లారీ తగిలి తెగితే అతకాలి. అతకాలంటే రెండు చివరలూ కిందికి, మిషన్ పెట్టిన బల్ల దగ్గరికి రావాలి. అందుకే కొన్ని స్తంభాలకు ఒకసారి పది ఇరవై మీటర్లు అదనంగా చుట్టి కడతాం. దాన్ని స్లాక్ అంటాం. ఒక కంపెనీ ఒక చుట్ట పెడితే ఏమీ కాదు. పది కంపెనీలు అదే స్తంభానికి చుట్టలు కడితే శ్రీను గారు చూసిన చక్రాలు తయారవుతాయి.

చుట్టల కంటే పెద్ద సమస్య చచ్చిన తీగలు. ఒక ఇంటాయన కంపెనీ మారాడు అనుకోండి, కొత్త కంపెనీవాడు కొత్త తీగ లాగుతాడు. పాత తీగను ఎవరు తీయాలి? పాత కంపెనీకి ఆయన ఇక కస్టమర్ కాదు. కొత్తవాడికి అది తన తీగ కాదు. పనివాడికి కనెక్షన్‌కు ఇంత అని ఇస్తారు, తీసేసినందుకు ఒక్క రూపాయి ఇవ్వరు. పైగా గుట్టలోంచి పాతది లాగితే పక్కన నడుస్తున్నది తెగుతుందని భయం. తెగితే పది ఇళ్ల నుంచి ఫోన్లు. కాబట్టి కొత్తది లాగి పాతది వదిలేస్తాం. నేనూ అలా వదిలేసిన తీగలు చాలా ఉన్నాయి. ఈ చర్చ చదువుతుంటే అవన్నీ గుర్తొచ్చి బాధగా ఉంది.

పెద్దాయన బరువు గురించి అడిగారు కదా. స్తంభం నుంచి ఇంటికి లాగే ఒక డ్రాప్ వైరు బరువు ఏమీ ఉండదు. వంద కలిస్తే అది తాడు కాదు, మోకు. వానకు తడిస్తే ఇంకా బరువు. స్తంభం వేసినప్పుడు ఆ బరువు లెక్కలో లేదు. మలుపులో ఉన్న స్తంభానికైతే అంతా ఒకే వైపు లాగుడు. అటుపక్క నేలకు బిగించి లాగి పట్టే స్టే వైరు లేకపోతే వంగుతుంది.

హనోయ్_హర్ష · ఆదివారం, ఉదయం 9.48

బాబు గారూ, మీ పోస్టు చదివాక నా ఫోటోలు మళ్లీ తీసి చూశాను. ఒక ఫోటోలో తీగల మధ్య నిచ్చెన మీద ఒక మనిషి ఉన్నాడు. ఇన్నాళ్లూ నేను ఆ ఫోటోను వెలుతురు కోసమే చూశాను.

యొకొహామా_వంశీ · ఆదివారం, ఉదయం 10.10

పేద దేశాల సమస్య అనుకునేవాళ్లు ఒకసారి జపాన్ రావాలి. యొకొహామాలో మా కిటికీ తెరిస్తే మొదట కనిపించేది స్తంభమే. స్తంభానికి బకెట్లలాంటి ట్రాన్స్‌ఫార్మర్లు, 6,600 వోల్టుల లైను, దాని కింద ఫోన్ తీగలు. దేశం మొత్తం మీద మూడున్నర కోట్లకు పైగా స్తంభాలున్నాయి. లండన్, పారిస్‌లలో తీగలన్నీ భూమిలోనే ఉంటే టోక్యో 23 వార్డుల్లో పదో వంతు కూడా దిగలేదు. యుద్ధం తర్వాత ఊళ్లన్నీ త్వరగా కట్టుకోవాలి, త్వరగా కరెంటు ఇవ్వాలి. పైన వేయడం చవక, అదే అలవాటైపోయింది.

అయితే చిక్కు ఉండదు. తీగలు బోలెడు, కానీ ఏది ఎవరిదో తెలిసేలా వరుసలో ఉంటాయి.

భూకంపం వచ్చినప్పుడు తెలుస్తుంది దాని ఖరీదు. 1995 కోబె భూకంపంలో దాదాపు 8,000 స్తంభాలు పడి అంబులెన్సులకు దారి లేకుండా పోయింది. 2019 సెప్టెంబర్‌లో చిబాలో తుపానుకు 2,000 దాకా స్తంభాలు దెబ్బతిన్నాయి, రెండు పెద్ద టవర్లు కూలాయి. కొన్ని ఊళ్లలో రెండు వారాలు కరెంటు లేదు. ఎండాకాలం అది, ముసలివాళ్లు ఏసీ లేక అల్లాడిపోయారు. 2016లోనే స్తంభాలు తగ్గించాలని చట్టం చేశారు. పని మాత్రం నత్తనడకే.

ఎడిసన్_పద్మజ · ఆదివారం, మధ్యాహ్నం 12.35

మాది న్యూజెర్సీ. ఇక్కడా చెక్క స్తంభాలు, పైన తీగలే. 2012 అక్టోబర్‌లో శాండీ తుపాను వచ్చినప్పుడు చాలా రోజులు పిల్లల్ని దుప్పట్లలో చుట్టుకొని చీకట్లో గడిపాం. కానీ నేను రాయాలనుకున్నది అది కాదు, పక్కనే ఉన్న న్యూయార్క్ కథ. పెద్దాయనకు తప్పకుండా వినిపించండి.

1880లలో మాన్‌హట్టన్ ఇవాళ్టి బ్యాంకాక్ కంటే ఘోరంగా ఉండేది. టెలిగ్రాఫ్, టెలిఫోన్, స్టాక్ ధరలు చెప్పే యంత్రాల తీగలు, వీధి దీపాల తీగలు అన్నీ ఒకదాని మీద ఒకటి. స్తంభానికి పది పన్నెండు అడ్డకర్రలు కూడా ఉండేవి. మూతపడిన కంపెనీల తీగలు కూడా అలాగే వేలాడేవి. ఎడిసన్ మాత్రం 1882లో పెర్ల్ స్ట్రీట్ స్టేషన్ ప్రారంభించినప్పుడే తన తీగలు భూమిలో వేశాడు. తీగలు పాతాలని 1884లో చట్టం వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. 1888 మార్చిలో మంచు తుపాను వచ్చి తీగలన్నీ వీధుల్లో పడ్డాయి. అయినా పూర్తిగా కదల్లేదు.

1889 అక్టోబర్ 11న జాన్ ఫీక్స్ అనే టెలిగ్రాఫ్ లైన్‌మ్యాన్ సిటీ హాల్ దగ్గర స్తంభం ఎక్కాడు. ఆయన పని పాత, చచ్చిన తీగలు కత్తిరించి తీసేయడం. ఆయన పట్టుకున్నవి టెలిగ్రాఫ్ తీగలు, అందులో పెద్ద కరెంటు ఉండదు. కానీ ఎక్కడో కొన్ని వీధుల అవతల అదే తీగ మీద వీధి దీపాల హైటెన్షన్ తీగ పడి ఉంది. మధ్యాహ్న భోజనాల వేళ, కింద వందల మంది చూస్తుండగా ఆయన ఆ తీగల మధ్యే ప్రాణం వదిలాడు. చాలాసేపు దింపలేకపోయారు. తర్వాత జనం ఆ స్తంభానికే ఒక డబ్బా కట్టి ఆయన భార్య కోసం చందాలు వేశారు. ఆ తర్వాతే మేయర్ హ్యూ గ్రాంట్ మనుషుల్ని పెట్టి స్తంభాలు నరికించే పని గట్టిగా మొదలైంది. ఇవాళ మాన్‌హట్టన్‌లో పైన తీగ కనపడదంటే కారణం అందం కాదు.

తణుకు_శ్రీను · ఆదివారం, సాయంత్రం 6.50

పద్మజ గారూ, మీ పోస్టు చదివాక నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రేపు తనే చెప్తానన్నారు, నేను రాసుకుంటాను.

కమల_ఒంగోలు · ఆదివారం, రాత్రి 8.15

మేము పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రకు వెళ్లినప్పుడు ఖాట్మండులో ఇదే చూశాం. అసన్ బజారులో చిన్న గుడి శిఖరం కనపడనంతగా తీగలు. మా గైడు చెప్పింది ఏంటంటే, ఒకప్పుడు చలికాలంలో రోజుకు 16 గంటలు కూడా కరెంటు ఉండేది కాదట. 2016 చివర్లో రాజధానిలో ఆ కోతలు ఆగాయి. వెలుతురు వచ్చింది, తీగలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇప్పుడు కొన్ని ప్రాంతాల్లో భూమిలోకి దింపుతున్నారు. స్తంభాల అద్దె గురించి కరెంటు సంస్థకూ ఇంటర్నెట్ కంపెనీలకూ అక్కడ గొడవలు జరుగుతుంటాయి.

యాత్రికులకు నా మనవి. దిగిన తీగను చేత్తో పైకెత్తి దాటకండి. మా బృందంలో ఒక పెద్దావిడ గొడుగు కొనతో ఎత్తబోతే గైడు పరుగెత్తుకొచ్చి ఆపాడు.

సుఖుంవిత్_వాసి · ఆదివారం, రాత్రి 8.40

కమల గారు మంచి మాట చెప్పారు. బ్యాంకాక్‌లో తీగ తెగి పడి ఉంటే ఆ కరెంటు సంస్థ ఫోన్ నంబరు 1130. హోటల్ వాళ్లకు చెప్పినా ఫోన్ చేస్తారు. వాన నీళ్లు నిలిచిన ఫుట్‌పాత్ మీద స్తంభానికి, వీధి దీపం కంబానికి, పెట్టెలకు దూరంగా నడవండి.

నల్లటి తీగల్లో కరెంటు లేదు కాబట్టి ప్రమాదం లేదని నేను అన్నట్టు ఎవరైనా అనుకుంటే సరిచేస్తున్నాను. 2022 జూన్ 26న సంపెంగ్ అనే టోకు బజారులో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మంటలు లేచి ఇద్దరు చనిపోయారు. ఆ మంట పక్కనున్న సమాచార తీగల గుట్టకూ, ఇళ్లకూ అంటుకుంది. తీగ పైన తొడుగు ప్లాస్టిక్ కదా, అది ఎండుగడ్డిలాగే అంటుకుంటుంది. ఆ తర్వాత పాత తీగలు తీసే పని వేగం చేశారు. నడుస్తున్న తీగలకు కంపెనీలు గుర్తు బిళ్లలు కట్టుకోవాలి, బిళ్ల లేనిది కత్తిరిస్తారు.

సింగపూర్_సుధ · ఆదివారం, రాత్రి 9.05

మా సింగపూర్‌లో పెద్ద లైన్లతో సహా అన్నీ భూమిలోనే. ఇంటికి కరెంటు పోవడం అంటే ఏడాదికి సగటున ఒక నిమిషం కూడా ఉండదు. కానీ ఇక్కడ భయం వేరే రకం. పొక్లెయిన్ పంటి కింద 22 కేవీ కేబుల్ పడుతుందేమోనని. అందుకే తవ్వే ముందు లైసెన్సు ఉన్న మనిషి యంత్రంతో కేబుల్ ఎక్కడుందో వెతికి గుర్తు పెట్టాలి. అది చేయకుండా తవ్వితే నేరం. పాతిపెట్టగానే పని అయిపోదు, ఎక్కడ పాతిపెట్టామో తరాల తరబడి గుర్తుంచుకోవాలి.

విశాఖ_తీరం · ఆదివారం, రాత్రి 9.50

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్. మా వీధిలో ఒక్క స్తంభం నిలబడలేదు. మూడో రోజు తెలంగాణ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన లైన్‌మెన్లకు మా అమ్మ పెద్ద గిన్నెలో ఉప్మా చేసి పెట్టింది. ఆ తర్వాతే ప్రపంచ బ్యాంకు సాయంతో విశాఖలో చాలా చోట్ల కేబుళ్లు భూమిలోకి దింపారు. ఖర్చు పైన వేసేదానికి ఎన్నో రెట్లు. గాలికి భయం లేదు, నిజమే. కానీ జాయింట్ పోతే ఎక్కడ పోయిందో కంటికి కనపడదు, వ్యాన్ వచ్చి వెతకాలి. అయినా నేను ఆ ఖర్చుకే ఓటేస్తాను. ఆ మూడు రోజులు చూసినవాళ్లు ఎవరైనా అదే అంటారు.

ఉప్పల్_కిరణ్ · ఆదివారం, రాత్రి 10.30

మనం విదేశాల గురించి మాట్లాడుతున్నాం కానీ, 2025 ఆగస్టులో మా పక్కనే రామంతాపూర్‌లో శ్రీకృష్ణ శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ వారమే హైదరాబాద్‌లో స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించడం మొదలుపెట్టారు. ఇంటర్నెట్ పోయిందని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గోల. హైకోర్టు దాకా వెళ్లింది. నేనూ ఆ రోజు ఇంటి నుంచి పని చేయలేక కోపం తెచ్చుకున్నాను. చనిపోయినవాళ్లు గుర్తొచ్చాక సిగ్గేసింది.

గుంటూరు_గిరి · ఆదివారం, రాత్రి 10.58

మొదట నేను రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇది అంత తేలిక కాదని తెలిసింది. బాబు గారికి ఒక ప్రశ్న. పాత తీగ తీసినందుకు కూడా కూలి ఇస్తే మీవాళ్లు తీస్తారా?

ఫైబర్_బాబు · ఆదివారం, రాత్రి 11.20

ఖచ్చితంగా తీస్తారు. కొత్త కనెక్షన్ బిల్లులోనే పాత తీగ తీసే ఖర్చు కలిపి, తీసిన తీగ ఫోటో పెడితేనే డబ్బు ఇస్తామంటే ఆరు నెలల్లో వీధి మారిపోతుంది. దీనికి కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు.

తణుకు_శ్రీను · సోమవారం, ఉదయం 8.30

ఇవి నాన్న మాటలు. ఆయన చెప్పినట్టే రాస్తున్నాను.

"అందరికీ నమస్కారం. అమెరికా అమ్మాయి చెప్పిన ఆ లైన్‌మ్యాన్ కథ నాకు కొత్త కాదు. 1996 నవంబర్ 6న కోనసీమ తుపాను. మమ్మల్ని తణుకు నుంచి అమలాపురం వైపు పంపారు. కొబ్బరి చెట్లన్నీ లైన్ల మీదే ఉన్నాయి. వారం రోజులు నరకడం, లాగడం. మా జట్టులో నాకంటే చిన్నవాడు ఒకడు ఉండేవాడు, పేరు వద్దు. సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ తీసుకున్నాం, అంటే లైను ఆపించి కాగితం రాయించుకున్నాం. లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరిచాం. లైను చచ్చింది అని అందరికీ నమ్మకం. వాడు ఎక్కి తీగ పట్టుకున్నాడు, అంతే.

అవతల ఒక ఇంట్లో పెళ్లికి జనరేటర్ తెచ్చి, మెయిన్ దించకుండా సర్వీసు వైరుకే కలిపారు. ఆ కరెంటు వెనక్కి నడిచి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్లి 11 వేల వోల్టులుగా మారి మా లైనులోకి వచ్చింది. లైనును భూమికి కలిపే ఎర్త్ రాడ్ వేసి ఉంటే బతికేవాడు. రాడ్లు రెండే ఉన్నాయి, రెండూ ఇంకో జట్టు దగ్గర ఉన్నాయి. తొందర. జనం చీకట్లో ఉన్నారని తొందర.

అందుకే నేను ఆ గుట్టను చూస్తే నాకు తీగలు కనపడవు. ఏ తీగ ఎక్కడినుంచి వస్తోందో తెలియనిచోట ఒక మనిషి చెయ్యి పెట్టాలి, అది కనపడుతుంది. చచ్చిన తీగ అని ఎవరైనా అంటే నేను నమ్మను, టెస్టర్ పెట్టి చూసేదాకా. ఆ ఫైబర్ బాబుకి చెప్పు, వదిలేసిన తీగలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తున్నంత వరకు ఒక పుస్తకంలో రాసిపెట్టమని. ఇంట్లో ఇన్వర్టర్, జనరేటర్ ఉన్నవాళ్లందరూ ఆ కరెంటు బయటి లైనులోకి పోకుండా ఆపే చేంజోవర్ స్విచ్ పెట్టుకోండి. మన దగ్గర తీగ తెగి కనపడితే కరెంటు వాళ్ల నంబరు 1912కి ఫోన్ చేయండి, మీరు వెళ్లకండి."

ఫైబర్_బాబు · సోమవారం, ఉదయం 9.02

బాబాయ్ గారూ, ఇవాళే మొదలుపెడుతున్నాను. మొదట మా బెంజ్ సర్కిల్ వైపు పది స్తంభాలు. కొన్ని నేనే సెలవు రోజు వెళ్లి తీసేస్తాను, స్తంభాల వాళ్ల అనుమతి తీసుకొని.

ఎడిసన్_పద్మజ · సోమవారం, ఉదయం 9.40

మీ మాటలు మా ఆయనకు చదివి వినిపించాను. మా గ్యారేజీలో జనరేటర్ ఉంది. శాండీ తర్వాత కొన్నాం, ఎక్స్‌టెన్షన్ తీగతో ఫ్రిజ్‌కు పెడతాం కానీ ఇంటి వైరింగుకు ఎలా కలపాలో ఎవరో యూట్యూబ్‌లో చూపిస్తే ఆయన అలా చేయాలనుకున్నారు. ఇక చేయరు. ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తున్నాం.

హనోయ్_హర్ష · సోమవారం, మధ్యాహ్నం 1.15

పెద్దాయన కాలు గురించి అడిగిన ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

సుఖుంవిత్_వాసి · సోమవారం, మధ్యాహ్నం 2.00

కరెంటు సంస్థ వాళ్లు బకెట్ ఉన్న లారీలతో వస్తారు. ఇంటర్నెట్ కుర్రాళ్లు ఎక్కువగా వెదురు నిచ్చెన తెస్తారు. దాన్ని తీగల గుట్టకే ఆనించి ఎక్కుతారు. చాలాసార్లు చూశాను, చూసినప్పుడల్లా నాకు గుండె దడే. పాత తీగలు తీసే పని సాధారణంగా రాత్రి పది దాటాక చేస్తారు. మీకు అదృష్టం ఉంటే చూడొచ్చు.

తణుకు_శ్రీను · మంగళవారం, ఉదయం 5.40

ఎయిర్‌పోర్ట్‌లో కూర్చొని రాస్తున్నాను. నిన్న రాత్రి పదకొండు గంటలకు హోటల్ వెనక సందులో నలుగురు పనివాళ్లు కనిపించారు. నాన్న చొక్కా వేసుకొని దిగారు, నేను వెనకే వెళ్లాను.

వెదురు నిచ్చెనే. మీరు చెప్పినట్టే తీగల గుట్టకు ఆనించారు. కింద ఒకడు నిచ్చెన పట్టుకున్నాడు, పైన ఇరవై ఐదేళ్ల కుర్రాడు. నడుముకు బెల్టు ఉంది, స్తంభానికి చుట్టుకున్నాడు. బిళ్ల లేని తీగలు ఒక్కొక్కటే పట్టుకొని కత్తిరించి కింద పడేస్తున్నాడు. నాన్న చేతులు వెనక్కి కట్టుకొని గంట సేపు కదలకుండా చూశారు. కుర్రాడు దిగాక నా ఫోన్‌లో అనువాదం పెట్టి అడగమన్నారు: ప్రతి తీగనూ టెస్టర్‌తో చూస్తున్నావా?

కుర్రాడు ఫోన్ చదివి నవ్వాడు. చొక్కా జేబులోంచి టెస్టర్ తీసి చూపించాడు. నాన్న దాన్ని చేతిలోకి తీసుకొని తిప్పి చూశారు, లైటు వెలుగుతోందో లేదో గోడ మీది స్విచ్ బోర్డు దగ్గర పెట్టి సరిచూశారు. వెలిగింది. కుర్రాడి జేబులో తనే తిరిగి పెట్టి, జేబు గుండీ పెట్టారు. తర్వాత నిచ్చెన దగ్గరికి వెళ్లి కింద పట్టుకునే చోట ఒక కాలు పెట్టి నిలబడ్డారు. వాళ్లు ఏమీ అనలేదు. ఇంకో రెండు స్తంభాలు అయ్యేదాకా అలాగే పట్టుకున్నారు.